నలభై దెబ్బల పఠనం

ద్వారదినానికి ఇరవై నాలుగు రోజులు

ఈ ఉదయం కవచాల గది బయట తీగ మీద ఆరేసిన చేతి తొడుగుల్లో ఒకదాని లోపల గోరు అంటుకుని ఉంది. బొటనవేలి గోరు, మొత్తంగా ఊడి వచ్చింది. కడిగినా పోలేదంటే గట్టిగానే అంటుకుని ఉండాలి. నేను దాన్ని తీయలేదు. పత్రాల గదికి వెళ్ళి తాళం తీసి, కరక్కాయ సిరా కలుపుకున్నాను.

అంటే సాధన మొదలైంది. పాఠకురాలు ద్వారదినానికి ముందు ఇరవై నాలుగు రోజులూ దినచర్య రాయాలని అకాడమీ నియమం. రాసినవాటిని అలమారలో పెడతారు. నా ముందు పనిచేసిన వాళ్ళవి పదహారు పుస్తకాలు ఉన్నాయి. వాటి పేజీలు ఇంకా అంటుకునే ఉన్నాయి, ఎవరూ విప్పలేదు.

నా పని రెండు రకాలు. పదకొండు నెలలు దిద్దుతాను. సముద్రం ఈ కొండ కాళ్ళ దగ్గరికి వచ్చినప్పటి నుంచీ గాలిలో ఉప్పు ఎక్కువ, ఏ సిరా ముప్పై ఏళ్ళకు మించి నిలవదు. వెలిసిన అక్షరం మీద అదే దస్తూరిలో, అదే వంపుతో కొత్త సిరా పెట్టాలి. ఇక్కడున్న ప్రతి కాగితాన్నీ నాకు ముందే ఇద్దరు ముగ్గురు దిద్దారు. కొత్త సిరా చూసి ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు.

పన్నెండో నెల చదువుతాను. నేను పెరిగిన కాన్వెంటులో భోజనాల వేళ బల్ల ముందు నిలబడి చదివే పని కూడా నాదే ఉండేది. మిగతా పిల్లలు తినేవారు, నేను చదివేదాన్ని. చదివేటప్పుడు నువ్వు ఉండకూడదు, మాట ఒక్కటే ఉండాలి అని మదర్ గారు చెప్పేవారు. అలాంటి గొంతే కావాలని అకాడమీ వాళ్ళు అడిగితే నన్ను పంపారు.

ఇక్కడ కవచాలు గొంతు వింటాయి. ఒక్కొక్క కవచానికి ఒక్కొక్క పేరు. నేను పేరూ చోటూ చదవగానే ఆ కవచంలో, ఆ చోట, ఉక్కు రేకు లోపలికి కొడుతుంది. బయటికి ఏమీ కనపడదు. ముప్పై ఏళ్ళ కిందటి దాకా కర్రలతో కొట్టేవారట. అప్పుడు కొట్టేవాడి చేయి అలిసిపోయేది.

ఇరవై రెండు రోజులు

చీటీలు తీశారు. ద్రోహి చీటీ నూకరత్నానికి వచ్చింది.

నూకరత్నం రెండో ఏడు కేడెట్. మునిగిపోయిన రేవు నుంచి కొండెక్కిన బెస్తవాళ్ళ పిల్ల. మధ్యాహ్నం తిండి అయ్యాక చరిత్ర పరీక్షకి చదువుకుంటానని నా గదికి వస్తుంది. చదివేది తక్కువ. ఎండుచేప ముక్క నములుతూ కిటికీలోంచి ఎవరు ఎవరితో పోతున్నారో చెబుతుంది. ఈ అకాడమీలో పని లేకుండా నాతో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

ఈరోజు చీటీ తెచ్చి నా సిరాబుడ్డి మీద పెట్టింది.

“ఏటి పాఠకురాలా, మొకం అలగెట్టేసినావు? సీటీ నాకొచ్చినాది, నీక్కాదు,” అంది.

చీటీ తీసి పక్కన పెట్టాను. పఠనం రోజున నాకు జలుబు చేస్తే దెబ్బలు పక్కకి పడతాయా అని అడిగింది. పడతాయన్నాను. అయితే ఇవాళ్టి నుంచి తేనె తాగు, నా ముక్కు నాకు కావాలి అని చెప్పి వెళ్ళిపోయింది.

నేను చదివే ద్వారదిన పుస్తకంలో ఉన్నది ప్రతి కేడెట్‌కీ కంఠతా వచ్చు. వందేళ్ళ కిందట, పల్లపు నేల మునుగుతున్న రోజుల్లో, శత్రువు ద్వారం దగ్గరికి వచ్చాడు. కేడెట్లలో ఒక ద్రోహి లోపల గడియ తీశాడు. తలుపు మళ్ళీ మూయడానికి నలభై మంది కేడెట్లు చచ్చిపోయారు. మొదటి దళపతి గాయాలతో ఆ సాయంత్రమే పోతూ, చచ్చిన ఒక్కొక్కరి పేరున ద్రోహికి ఒక్కొక్క దెబ్బ అని తీర్పు చెప్పారు. శత్రువు ఎవరో పుస్తకంలో లేదు. ఆ తరవాత ఎవరూ రాలేదు. మేం మాత్రం ఏటా ఆ రోజుని మళ్ళీ జరుపుతాం. ద్రోహి చీటీ వద్దన్న కేడెట్ కుటుంబాన్ని ద్వారం అవతల, ఆటుపోట్లు తగిలే నేలలో దింపేస్తారు. నూకరత్నానికి అమ్మ, ఇద్దరు తమ్ముళ్ళు, మంచం మీదున్న నాయనమ్మ ఉన్నారు.

గత ఏడాది ఆ చీటీ ఎల్లమంద అనే కుర్రాడికి వచ్చింది. చదివింది నేనే. ఇరవై రెండో దెబ్బకి అతను మోకాళ్ళ మీద పడ్డాడు. ముక్కులోంచీ చెవుల్లోంచీ రక్తం వచ్చింది. నేను ఆగిపోయాను. పాఠకురాలు పది ఊపిరుల సేపు ఆగితే అకాడమీలో రెండో అధికారి అయిన అడ్జుటెంటు పుస్తకం తీసుకుని మొదటి దెబ్బ నుంచి చదవాలని ఆచారం. ఆయన చదివారు. ఎల్లమందకి మొత్తం అరవై రెండు దెబ్బలు పడ్డాయి. వాటిలో ఎన్ని శవానికి పడ్డాయో వైద్యుడు చెప్పలేకపోయాడు.

ఆగకుండా చదివి ఉంటే నలభైతో అయిపోయేది.

పంతొమ్మిది రోజులు

నా పఠనంతో మొదటి సాధన. సగం బలంతో.

ముందు ద్వారం దగ్గరి పోరు. పెద్ద తరగతి వాళ్ళు నిచ్చెనలతో వస్తారు, చిన్న తరగతి వాళ్ళు తలుపుకి వీపు ఆనించి నిలబడతారు. నేను దళపతి నిలబడే రాతి దిమ్మె కింద నిలబడి చదివాను. నలభై మందిలో పదకొండోవాడి పేరు, దవడ. పదకొండోవాడి కవచంలో ఉన్న కుర్రాడి తల గిర్రున పక్కకి తిరిగింది. రెండు పళ్ళు అరచేతిలోకి ఉమ్మి, వాటిని జేబులో వేసుకుని మళ్ళీ వరసలోకి వచ్చాడు. పంతొమ్మిదోవాడి పేరు, మెడ కింది ఎముక. పచ్చి కట్టె విరిచినట్టు వినపడింది. అతను పడిపోతే పెద్దవాళ్ళు అతని మీద నుంచే తొక్కుకుంటూ వెళ్ళారు. పడినవాడిని దాటకూడదు, తొక్కాలి అని పుస్తకంలో ఉంది.

తరవాత ద్రోహికి పది దెబ్బలు మాత్రమే. ఏడోది పక్కటెముక. నూకరత్నం నోరు తెరిచింది కానీ శబ్దం రాలేదు. పదీ అయ్యాక తానే నడిచి వెళ్ళి తొట్టి దగ్గర మొహం కడుక్కుంది. నీళ్ళు ఎర్రబడ్డాయి. నేను పక్కన నిలబడ్డాను. నన్ను నవ్వించొద్దు, నవ్వితే లోపల గుచ్చుకుంటోంది అంది. నేనేమీ అనలేదు. దానికే నవ్వింది.

పదిహేడు రోజులు

కవచాలు చూసే హవల్దారు చెంగల్రాయుడు పత్రాల గదికి వచ్చాడు. ఎప్పుడూ రాడు. అరవై దాటిన మనిషి, చిత్తూరు కొండల వైపు వాడు. గుమ్మంలోనే నిలబడి, లోపలికి రమ్మంటే చెప్పులకి నూనె ఉందన్నాడు.

“పోయినేడు కవచాల బలం ఆరు మీద పెట్టినాం పాపా. ఈ ఏడు తొమ్మిది పెట్టమన్నాడు దొర. నూరో ఏడు కదా, చూసేవాళ్ళు వస్తా ఉండారు.”

తొమ్మిది మీద నలభై తట్టుకుంటారా అని అడిగాను.

“మనిషి కాదు, ఎద్దు కూడా నిలబడదు. నాకు చెప్పే అధికారం లేదు. నీకు చెప్తా ఉండా, అంతే.”

వెళ్ళేముందు తన తాళాల గుత్తి ఒకసారి చూసుకున్నాడు. ఎల్లమంద కవచం విప్పింది తానేనని, లోపల్నించి మనిషిని ముక్కలుగా తీయాల్సి వచ్చిందని నేల చూస్తూ చెప్పాడు.

పదహారు రోజులు

కమాండెంటు భైరవమూర్తి గారి దగ్గరికి వెళ్ళాను. గుమ్మం దగ్గర నిలబడి ఏం అడగాలో మూడుసార్లు లోపల చదువుకుని వెళ్ళాను. అయినా తొమ్మిది అనే మాట తప్ప ఏదీ సరిగ్గా రాలేదు.

ఆయన కోప్పడలేదు. కుర్చీ చూపించారు. తనకూ ఒక ఏడాది ఆ చీటీ వచ్చిందని, నలభై తిన్నానని చెప్పి కుడి చేతి చూపుడువేలు చూపించారు. అది అప్పటి నుంచీ మడవదు. ఆ నలభై దెబ్బల తరవాత జీవితంలో దేనికీ భయపడలేదన్నారు. అప్పుడు బలం మూడు మీద ఉండేదని పత్రాల్లో ఉంది. నేను అది చెప్పలేదు.

“నా కవచం కూడా తొమ్మిది మీదే ఉంటుందమ్మా. నాకేం మినహాయింపు లేదు,” అన్నారు.

నిజమే. ద్వారదినాన కమాండెంటే దళపతి కవచం తొడుక్కుంటారు. ఆ కవచం అందరి కవచాల్లాగే గొంతు వింటూ బతికి ఉంటుంది, వీపు మీద తాళమూ పడుతుంది. దళపతి తన మనుషులకంటే తక్కువ మోయకూడదని ఆచారం. కాకపోతే ఆయన పేరున పుస్తకంలో ఒక్క దెబ్బ కూడా లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ కవచంలో రేకు కదల్లేదు.

పుస్తకమే తప్పయితే అని అడిగాను. గొంతు మరీ చిన్నదైపోయింది, మళ్ళీ అడగమన్నారు. అడిగాను. ఆయనకి ఆ ప్రశ్న నచ్చింది. పుస్తకాన్ని ఇంతవరకు రెండుసార్లు సవరించారని గుర్తు చేశారు. ఒకసారి ఒక పేరు, ఒకసారి ఇద్దరి వరస.

“ఆ రోజు ద్వారం దగ్గర ఉన్నవాడు స్వయంగా రాసిన కాగితం ఉంటే దాన్ని మూలపత్రం అంటాం. అది తీసుకురా. ఆచారం దానికి తల వంచుతుంది. నాకు వంచదు, నీకు వంచదు.”

పదమూడు రోజులు

మూడు రోజులు వెతికాను. ద్వారం కింద నూనె కొట్టు ఉంది. తలుపు బందులకి పోసే నూనె పీపాల వెనక రేకు పెట్టె దొరికింది. అందులో గేటు కాపలాదారు పైడయ్య డైరీ. అతను ఆ రోజు ద్వారం దగ్గరే ఉన్నాడు. అకాడమీ పాత పత్రంలో నలభై మంది పేర్ల పక్కన సాక్షిగా అతని వేలిముద్రా సంతకమూ ఉన్నాయి.

ముందు రోజు పేజీ: “పై బందు బిగుసుకుంది. నూనె పెట్టాను. కింద జనం పెరుగుతున్నారు. కుండలతో వచ్చారు. పిల్లలు ఉన్నారు”

తరవాతి రోజు పేజీ: “దళపతిని పూడ్చాం. ఎవరూ ఏడవలేదు. గడియకి నూనె పెట్టాను”

ఈ రెండింటి మధ్య ద్వారదినం పేజీ.

ఆ పేజీ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. కింద మైదానంలో నిచ్చెనల సాధన జరుగుతోంది. ఎవరో అరుస్తున్నారు, ఆగి మళ్ళీ అరుస్తున్నారు. పెట్టె చేత్తో పట్టుకుని పైకి వచ్చాను.

ఎనిమిది రోజులు

దిద్దడం అయింది. నాలుగు రోజులు పట్టింది. పైడయ్య దస్తూరి కష్టం. ‘ళ’ తోక పొడుగ్గా లాగుతాడు, పేజీ చివర చుక్క పెట్టడు, వరస కిందికి జారుతుంది. చేయి అలవాటు పడడానికే ఒక రోజు పోయింది. నా చూపుడువేలు పక్కన కాయ కాసింది.

సాయంత్రం కమాండెంటు గారికి డైరీ చూపించాను. పైడయ్య సంతకాన్ని పాత పత్రంతో పోల్చి చూశారు. ముందు రోజు పేజీ చదివి, కుండలా అని ఆశ్చర్యపోయారు. ద్వారదినం పేజీ తిప్పబోయి ఆగారు.

ముందే చదువుతారా అని అడిగాను. నా చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

“వద్దు. ఆ రోజే వింటాను, అందరితో పాటు. నూరో ఏడు మూలపత్రం దొరకడమంటే మాటలా.”

మూలపత్రం చదవడానికి అనుమతి అని రాసి సంతకం చేశారు. మడవని వేలితో కలం పట్టుకోవడం ఆయనకి కష్టం. నేను కాగితం కదలకుండా పట్టుకున్నాను.

మూడు రోజులు

నూకరత్నం వచ్చింది. పక్కటెముకకి కట్టు ఉంది, ఊపిరి పైపైన తీసుకుంటోంది. కిటికీ దగ్గర కూర్చోలేక గోడకి ఆనుకుని నిలబడింది.

తన లెక్క చెప్పింది. నలభై తిని కాళ్ళ మీద నిలబడిన ద్రోహి కుటుంబానికి పై వరసలో ఇల్లు ఇస్తారు. పోటు వస్తే కింది వరసలోని వాళ్ళ ఇంట్లోకి నీళ్ళొస్తాయి, నాయనమ్మని మంచంతో సహా ఎత్తాలి. పై వరసకి నీళ్ళు రావు. తొమ్మిది సంగతి ఆమెకి తెలుసు. చెంగల్రాయుడు చెప్పలేదు, వంటవాళ్ళు చెప్పుకుంటుంటే విందట. అయినా నిలబడతానంటోంది.

“పోయినేడు ఆగినావు. ఈపాలి ఆగకు. ఆగినావంటే సచ్చి దెయ్యమైపోయి ఈ గదిలోనే కూకుంటాను. రోజూ సేప కంపు కొడతాది నీకు.”

ఆగనని మాట ఇచ్చాను. మూలపత్రం సంగతి చెప్పలేదు. చెబితే వద్దంటుందని అనిపించింది.

ద్వారదినం

పొద్దున ఆటు. ద్వారం కింద బురద బయటపడింది. మూడు కోటల నుంచి అతిథులు పడవల్లో వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. కేడెట్ల ఇళ్ళవాళ్ళు ఎడమ వైపు. నూకరత్నం వాళ్ళమ్మ ముందు వరసలో, కుచ్చిళ్ళు సర్దుకుంటూ కూర్చుంది.

చెంగల్రాయుడు ఒక్కొక్క కవచానికీ వీపు మీద తాళం వేశాడు. పఠనం అయ్యేదాకా ఆ తాళం తీయకూడదు. చివరిది కమాండెంటు గారిది. ఆయన మొదటి దళపతి సమాధి పక్కన, దిమ్మె మీద నిలబడ్డారు. కింద నూకరత్నం, చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి.

మూలపత్రం ఉందని ప్రకటించాను. అందరూ లేచి నిలబడ్డారు. అడ్జుటెంటు అనుమతి కాగితం గట్టిగా చదివారు. ఇక పఠనం పూర్తయ్యేదాకా ఎవరూ నోరెత్తకూడదు, ఎవరూ కదలకూడదు.

చదివాను.

“ద్వారదినం. పొద్దున జనం తలుపు దగ్గరికి వచ్చారు. ఆయుధాలు లేవు. ఎత్తు నేల అడిగారు. దళపతి గడియ తీయమన్నాడు. నేనే తీశాను. రెండు వందల మంది లోపలికి వచ్చాక మూయమన్నాడు. మూశాను. కాల్చమన్నాడు.”

కమాండెంటు గారు నా వైపు తల తిప్పారు. భయం లేదు. నేను వరస తప్పానేమో అన్నట్టు చూశారు.

“నలభై మంది కేడెట్లు తుపాకులు దించేశారు. దళపతి వాళ్ళని గోడకి నిలబెట్టి తనే కాల్చాడు.” నలభై పేర్లూ చదివాను. చోటు చదవకపోతే కవచం కదలదు, మైదానంలో ఏ కవచమూ కదల్లేదు. “ద్రోహి ఎవడూ లేడు. మిగిలిన కేడెట్లు దళపతిని పట్టుకున్నారు. చచ్చిన ఒక్కొక్కడి పేరున ఒక్కటి కొట్టారు. నేను చూసి రాశాను. ఒకటి. దళపతి, కుడి భుజం.”

తొమ్మిది మీద శబ్దం వేరు. పెద్ద తలుపు విసిరేసినట్టు ఉంటుంది. ఆయన భుజం కిందికి వేలాడింది.

“రెండు. దళపతి, ఎడమ భుజం.”

చోట్లు పుస్తకంలో ద్రోహికి రాసిన వరసలోనే ఉన్నాయి. అడ్జుటెంటు నా పక్కన నిలబడి నా ఊపిరులు వేళ్ళ మీద లెక్కపెడుతున్నారు. నేను ఆగిన ప్రతిసారీ ఒక వేలు మడుస్తున్నారు. మూడో వేలు దాటనివ్వలేదు.

తొమ్మిదో దెబ్బకి మోకాలు వెనక్కి విరిగింది. ఆయన సమాధి మీద పడ్డారు. పడి, చేతులు వీపు మీదికి పోనిచ్చి తాళం కోసం తడిమారు. భుజాలు పనిచేయక చేతులు అక్కడిదాకా వెళ్ళలేదు. చెంగల్రాయుడు నాలుగు అడుగుల దూరంలో తాళాల గుత్తి పట్టుకుని సముద్రం వైపు చూస్తున్నాడు. రెండు వందల మంది కేడెట్లు నిటారుగా నిలబడి ఉన్నారు. కదలకుండా ఉండడం వాళ్ళకి ఆయనే నేర్పారు.

పద్నాలుగు అయ్యాక ఆయన మాట్లాడారు.

“చాలమ్మా,” అన్నారు.

పఠనం మధ్యలో మరొకరి గొంతు వినపడడం ఈ వందేళ్ళలో పత్రాల్లో ఎక్కడా లేదు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. రెండోసారి అన్నం వద్దన్నట్టు ఉంది. నేను కాగితం మీద తరవాతి వరస చూశాను.

“పదిహేను. దళపతి, ఎడమ పక్కటెముకలు.”

ఆ తరవాత మాటలు లేవు. ఇరవై దగ్గర కవచం మెడ పట్టీలోంచి రక్తం కారడం మొదలైంది. సమాధి మీద చెక్కిన అక్షరాల్లోకి పారింది. ఇరవై ఆరు దవడ. దవడ ఒక పక్కకి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ముప్పై ఒకటికి కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ చూడడం లేదు. మిగిలిన తొమ్మిది దెబ్బలకీ ఆ శరీరం రాతి మీద ఎగిరి పడింది. అతిథుల్లో ఒక పాప ఆ ఎగరడం చూసి నవ్వింది. వాళ్ళమ్మ పాప నోరు మూసింది.

ఆపలేదు. ఆపితే మొదటి నుంచి చదువుతారు.

“నలభై. దళపతి, గుండె.”

డైరీ మూయగానే కేడెట్లు ఏటా అనే మాటే అన్నారు. “ద్వారం మూసే ఉంది.” రెండు వందల గొంతులు, ఒక్క వణుకు లేదు.

ద్వారదినం తరవాత రెండో రోజు

విచారణ అయ్యేదాకా దినచర్య కొనసాగించమన్నారు. అడిగితే చూపించాలి.

మైదానం కడిగారు. చెంగల్రాయుడు కవచం విప్పడానికి ఒక పూట పట్టింది. లోపలికి ఎవరినీ రానివ్వలేదు.

నూకరత్నం పత్రాల గదికి వచ్చింది. చేతుల మీద తాడు గుర్తులు తప్ప దెబ్బ లేదు. నేను లేచి నిలబడ్డాను. బతికి ఉన్న మనిషిని చూడడం నాకు చాలనిపించింది. ఆమెకి చాలలేదు.

“నానడిగానేటి నిన్ను? నలభై పడీదాన్ని. నిలబడీదాన్ని,” అంది. “ఇప్పుడు నాను దెబ్బ తిన్నేదు, నిలబడనేదు. ఇల్లు ఎవులిస్తారు? నిన్న పోటొచ్చినాది. ముసల్దాన్ని మంచంతో ఎత్తినాం.”

నువ్వు చచ్చిపోయేదానివి అన్నాను.

“అది నాను సూసుకునీదాన్ని.”

తరవాత గొంతు తగ్గించి, ఆయన చాలమ్మా అన్నప్పుడు నువ్వు విన్నావా అని అడిగింది. విన్నానన్నాను. నాకేసి కొత్తగా చూసింది. నేను చదివేటప్పుడు నా మొహం ఎప్పుడూ అలాగే ఉంటుందా అని అడిగింది. నాకు తెలియదు, నేను చూడలేదు కదా అన్నాను. ఆమె అంతకుముందు వదిలిన ఎండుచేప పొట్లం బల్ల మీదే ఉంది. తీసుకుని వెళ్ళిపోయింది.

తొమ్మిదో రోజు

విచారణ అయింది. ముగ్గురు కూర్చున్నారు, మధ్యలో అడ్జుటెంటు. ఇప్పుడు ఆయనే కమాండెంటు.

నన్ను నాలుగు ప్రశ్నలు అడిగారు. మూలపత్రం ఉందని ముందే ప్రకటించావా. ప్రకటించాను. అనుమతి ఉందా. ఉంది. పది ఊపిరులు దాటి ఎక్కడైనా ఆగావా. లేదు. కాగితం మీద లేనిది ఒక్క మాటైనా చదివావా. లేదు.

డైరీ తెరిచి చూశారు. సిరా కొత్తగా ఉందేమని ముగ్గురిలో ఒకాయన అడిగితే, మిగతా ఇద్దరూ ఆయన వైపు జాలిగా చూశారు. దిద్దడం పాఠకురాలి పని కదా అన్నారు. సంతకం పోల్చారు. తరవాతి రోజు పేజీలో ఎవరూ ఏడవలేదు అన్న వాక్యం దగ్గర కొత్త కమాండెంటు గారు చాలాసేపు ఆగారు. అన్నీ ఆచారం ప్రకారమే జరిగాయని తేల్చారు. దినచర్య అడగలేదు.

ముప్పై ఒకటో రోజు

కొత్త పుస్తకం ఇవాళ సభలో చదివి ఆమోదించారు. ద్రోహి పాత్ర ఇక లేదు. శత్రువు అన్నచోట జనం అని రాశారు. కేడెట్లకి కొత్త పాఠం నచ్చింది. పాతదానికంటే న్యాయంగా ఉందని, నలభై మంది పేర్లు ఇప్పుడు గట్టిగా పలకాలనిపిస్తోందని భోజనశాలలో చెప్పుకుంటున్నారు. చిన్న తరగతి వాళ్ళు అప్పుడే కంఠతా పట్టేశారు. నడుస్తూ నా వాక్యాలు వల్లిస్తుంటే కిటికీలోంచి వినపడుతున్నాయి. వాక్యం చివర నాలాగే వాళ్ళూ గొంతు దించడం లేదు.

మధ్యాహ్నం కొత్త కమాండెంటు గారు పిలిపించారు. వచ్చే ఏడాది నుంచి దళపతి కవచం కమాండెంటు తొడుక్కోరు, మెట్ల మీద అతిథులతో కూర్చుంటారు. ఆ కవచానికి కేడెట్లలోంచే చీటీ తీస్తారు. నలభై తిని నిలబడితే పై వరసలో ఇల్లు. బలం తొమ్మిది మీదే ఉంచుతారు, తగ్గిస్తే నూరో ఏడు జరిగినదాన్ని తక్కువ చేసినట్టు అవుతుందన్నారు. పాఠకురాలిగా నన్నే కొనసాగిస్తున్నందుకు కృతజ్ఞతలు చెప్పాను.

బయటికి వస్తుంటే నూకరత్నం వరండాలో పేరు రాయించుకునే వరసలో ఉంది. దళపతి కవచం కావాలన్నవాళ్ళు ఈసారి ముందే పేరు ఇవ్వొచ్చు, ఆ పేర్లలోంచే చీటీ తీస్తారు. ఆమె ముందు ఇద్దరు ఉన్నారు, వెనక పదకొండు మంది. నన్ను చూసి తల తిప్పుకోలేదు. పక్కటెముక నయమైందా అని అడిగాను. అయిందంది.

పైడయ్య డైరీని గాజు పెట్టెలో పెట్టి సభ గుమ్మం పక్కన ఉంచారు, ద్వారదినం పేజీ కనపడేలా తెరిచి. కేడెట్లు లోపలికి వెళ్ళేటప్పుడు గాజుని వేలితో తాకి వెళుతున్నారు. సాయంత్రం ఆ గాజు తుడవడం నా పనుల్లో చేర్చారు. ఇవాళ తుడిచాను.

నూనె కొట్టులో నాకు దొరికిన రోజున ఆ పేజీ మీద తేదీ ఒక్కటే ఉంది. దాని కింద ఏమీ లేదు.